ముసలమ్మ కోడి, న్యూయార్క్ మేయర్లు

తన కోడి కూస్తేనే ఊరికి తెల్లవారుతుందని నమ్మిన ముసలమ్మ కథ చిన్నప్పుడు వినే ఉంటారు. ఊరి మీద అలిగి కోడినీ కుంపటినీ పట్టుకుని అడవికి పోయింది. మర్నాడు ఊరికి మామూలుగానే తెల్లారింది. న్యూయార్క్‌లో అచ్చం ఇలాగే జరిగింది.

(తెర మీద: కిందికి దిగుతున్న ఎర్ర గీత)

1990లో ఆ నగరంలో 2,200కు పైగా హత్యలు. తర్వాత తగ్గుతూ వచ్చాయి. 1994లో మేయరైన రూడీ జూలియానీ అది తన పోలీసింగ్ ఘనతే అన్నారు. ఇలాంటి గ్రాఫ్ చూడగానే నేను అడిగేది ఒకటే: ఈయన రాకముందు గీత ఎటు పోతోంది? అప్పటికే దిగుతోంది. పైగా ఆ పదేళ్లలో అమెరికా అంతటా హత్యలు తగ్గాయి. కాలిఫోర్నియాలోని శాన్ డియాగో నగర పోలీసులది వేరే పద్ధతి, అక్కడా తగ్గాయి. రెండూ ఒకే సమయంలో జరిగితే సహసంబంధం అంటాం. దాని వల్లే ఇది జరిగిందనాలంటే వేరే రుజువు కావాలి.

తర్వాత మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్. ఆయన హయాంలో 'స్టాప్ అండ్ ఫ్రిస్క్', అంటే అనుమానం మీద జనాన్ని ఆపి తడిమి చూడటం, బాగా పెరిగింది. 2011లో దాదాపు 6,85,000 సార్లు జనాన్ని ఆపారు.

(తెర మీద: ఫారం, దగ్గరగా)

దారిన పోయే కుర్రాణ్ని ఆపుతారు. గోడ వైపు తిప్పి బట్టల మీద తడుముతారు. ఏమీ దొరకదు. ఎందుకు ఆపారో రాసే ఫారంలో 'అనుమానాస్పద కదలికలు' అని ఒక గడి ఉండేది, అక్కడ టిక్కు పెడితే సరిపోయేది. పదిసార్లలో దాదాపు తొమ్మిదిసార్లు అరెస్టూ లేదు, సమన్లూ లేవు. ఆపినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో కుర్రాళ్లే. 'పోలీసులు ఇలా చేస్తేనే హత్యలు తగ్గుతాయి' అన్న తప్పుడు లెక్క మూల్యం వాళ్లు కట్టారు. ఈ వీడియో చేసింది అందుకే.

2013 ఆగస్టులో ఫెడరల్ కోర్టు ఈ తీరు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఇలా ఆపడం మానేస్తే ప్రాణాలు పోతాయని బ్లూమ్‌బర్గ్ హెచ్చరించారు. జనాన్ని ఆపడం అప్పటికే తగ్గుతోంది, 2014లో దాదాపు 46,000 సార్లకు పడిపోయింది.

మరి హత్యలు? 2011లో 515. 2014లో 333. 2017లో 292.

ఇందులో పోలీసుల పాత్రే లేదని నేను అనను. 1990లలో వాళ్ల సంఖ్య పెరిగింది, క్రాక్ కొకైన్ అనే మత్తుమందు ఉధృతి తగ్గింది. దేని వాటా ఎంతో పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

2019 నవంబరులో, అధ్యక్ష పదవికి పోటీ ప్రకటించడానికి వారం ముందు, బ్రూక్లిన్‌లోని ఒక చర్చిలో నిలబడి బ్లూమ్‌బర్గ్ క్షమాపణ చెప్పారు. 2011లో ఆపిన కుర్రాళ్లకు అప్పటికి ఎనిమిదేళ్లు గడిచిపోయాయి.