లూసిల్ బాల్: నవ్వించిన మనిషి, నెగటివ్ దాచుకున్న మనిషి

అందరికీ నమస్కారం. ఇవాళ ఈ చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి వచ్చినవాళ్లలో సీరియల్ ఆర్టిస్టులు, నాటకాల వాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. అందుకే అమెరికన్ టీవీ హాస్యనటి లూసిల్ బాల్ నటన గురించి ఎంత చెప్తానో, ఆవిడ హక్కుల గురించీ అంతే చెప్తాను.

1911లో న్యూయార్క్ రాష్ట్రం జేమ్స్‌టౌన్‌లో పుట్టారావిడ. మూడేళ్ల వయసులో తండ్రి టైఫాయిడ్‌తో పోయారు. టీనేజీలో నాటక పాఠశాలలో చేరితే, బిడియం ఎక్కువ, నటనకి పనికిరాదన్నారు. తర్వాత మోడలింగ్, హాలీవుడ్‌లో చిన్నాచితకా వేషాలు. ఆర్‌కేఓ స్టూడియోలో జీతానికి ఏళ్లతరబడి పనిచేసినా పెద్ద తార కాలేదు. సీబీఎస్ అనే అమెరికన్ టీవీ ఛానెల్లో, ఆవిడ లూసీ వేషం వేసిన ‘ఐ లవ్ లూసీ’ కామెడీ సీరియల్ మొదలైంది 1951 అక్టోబర్ 15న. అప్పటికి ఆవిడకి నలభై ఏళ్లు, ఇంట్లో మూడు నెలల పాప. ఆ వయసులో మన దగ్గర హీరోయిన్‌కి ఎలాంటి వేషాలొస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

అసలు బేరం ఇక్కడుంది. అప్పట్లో చాలా షోలు న్యూయార్క్ నుంచి లైవ్‌గా వెళ్లేవి. మిగతా ఊళ్లకి, టీవీ తెరని కెమెరాతో తీసిన మసక కాపీ పంపేవారు. లూసిల్, ఆవిడ భర్త డెజీ ఆర్నాజ్ హాలీవుడ్ వదిలి రామన్నారు. మసక కాపీకి స్పాన్సర్ ఒప్పుకోలేదు. సినిమాలాగా 35 ఎంఎం ఫిల్ము మీద తీద్దామంటే ఖర్చు ఎక్కువ. అప్పుడు ఇద్దరూ పారితోషికం తగ్గించుకుని, ఆ ఫిల్ముల, అంటే నెగటివ్‌ల యాజమాన్యం తమదని రాయించుకున్నారు. ఈ బేరంలో డెజీ తెలివి చాలా ఉంది, ఆయన్ని మర్చిపోవడం అన్యాయం. ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో ఒకేసారి తీశారు. కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్ ఏ కోణంలో చూసినా సరిపోయేలా లైటింగ్ చేశారు. మీరు రోజూ ఫ్లోర్లో చూసే మల్టీ-క్యామ్ పనికి అక్కడ గట్టి పునాది పడింది.

ఇక నటన. 1952లో వచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ సీను చూడండి. బెల్టు మీద చాక్లెట్లు వస్తుంటే లూసీ, స్నేహితురాలు ఎథెల్ కాగితాలు చుట్టాలి. ఒక్కటి వదిలేసినా ఉద్యోగం పోతుంది. మొదట్లో చేతులు తీరిగ్గా ఆడతాయి. వేగం పెరగ్గానే ఒకటి నోట్లోకి, ఇంకొకటి టోపీలోకి, మరొకటి జాకెట్లోకి. సూపర్‌వైజర్ వచ్చేసరికి బుగ్గలు ఉబ్బిపోయి ఉంటాయి, మాట రాదు. ఆవిడ ఎక్కడా ‘నవ్వండి’ అన్నట్టు మొహం పెట్టరు. ఉద్యోగం ఊడుతుందన్న భయమే నటిస్తారు. మనకి నవ్వొచ్చేది ఆ భయం నిజమనిపించినందుకే. అంత అల్లరిగా కనిపించేదానికి వెనక గట్టి రిహార్సల్ ఉండేది.

రెండో కాన్పు సంగతి వచ్చినప్పుడు, గర్భవతిని తెరమీద చూపించాలా అని ఛానెల్ వాళ్లు వెనకాడారు. చివరికి కథలోనే కలిపేశారు. 1953 జనవరి 19న ఉదయం ఆవిడకి కొడుకు పుట్టాడు, రాత్రి టీవీలో లూసీకీ కొడుకు పుట్టాడు. సుమారు 4.4 కోట్ల మంది చూశారు. ఆవిడ బాలింతగా ఉన్న రోజుల్లో పాత ఎపిసోడ్లు మళ్లీ వేశారు. ఫిల్ము మీద ఉన్నాయి కాబట్టే కుదిరింది.

1957లో ఆ భార్యాభర్తల ‘డెజీలు’ అనే నిర్మాణ సంస్థ ఆర్‌కేఓ స్టూడియోని కొనేసింది. ఒకప్పుడు ఆవిడ జీతానికి పనిచేసిన చోటే! 1960లో విడాకులయ్యాయి, 1962లో భర్త వాటా కొని సంస్థని తనే నడిపారు. అమెరికాలో పెద్ద టీవీ స్టూడియోకి అధిపతి అయిన తొలి మహిళ ఆవిడే. ‘స్టార్ ట్రెక్’ అనే అంతరిక్ష కథల సీరియల్ అక్కడే తయారైంది. 1967లో సంస్థని అమ్మేశారు. 1986లో చేసిన చివరి షో ఆడలేదు. 1989లో కన్నుమూశారు.

మన సంగతికొస్తాను. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. తొలిరోజుల నాటికల్లో ఎన్ని ఇవాళ మళ్లీ చూడగలుగుతున్నాం? టేపు ఖరీదైన రోజుల్లో దానిమీదే మళ్లీ రికార్డు చేయడం ఎన్నో దేశాల టీవీ సంస్థలు చేసిన పనే. మీ ఇళ్ల అటకల మీద వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉంటే దయచేసి పారేయకండి. డిజిటల్ చేయించి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. కొత్త సీరియల్‌కి సంతకం పెట్టేముందు రోజుకెంత అని అడుగుతారు కదా, దాంతోపాటు రిపీట్లకి, యూట్యూబ్‌కి, ఓటీటీకి మనకేమొస్తుందని కూడా అడగండి. కాగితం మీద రాయించుకోండి.