హెచ్‌డీఎల్ పక్కన ‘ఎల్’ అని పడితే

శ్రోతలందరికీ నమస్కారమండి. ఇవాళ లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వులు చూసే పరీక్ష, ఆ రిపోర్ట్‌లో ఒకే ఒక్క లైన్ గురించి మాట్లాడుకుందాం, హెచ్‌డీఎల్ అని కొలెస్ట్రాల్‌లో ఒక రకం ఉంటుంది చూడండి, అది. మిగతావన్నీ చెప్పాలంటే నాకిచ్చిన టైమ్ చాలదు.

ఇక్కడే బెంగళూరు మారతహళ్ళిలో మా పిన్నీ బాబాయీ ఉంటారు. ఆ మధ్య ల్యాబ్ అబ్బాయి పొద్దున్నే ఇంటికొచ్చి ఇద్దరికీ రక్తం తీసుకెళ్ళాడు, సాయంత్రానికల్లా రిపోర్ట్‌లు ఫోన్లోకి వచ్చేశాయి. టోటల్ కొలెస్ట్రాల్ బాబాయికి 196, పిన్నికి 218. 200 దాటింది కాబట్టి పిన్ని నంబర్ ఎర్రగా పడింది, ఇంకేముంది, మర్నాటి నుంచి ఆవిడ నెయ్యి మానేసి ఉత్త చారన్నం తినడం, బాబాయేమో ఆ పక్కనే కూర్చుని పప్పన్నంలో నెయ్యి వేసుకుంటూ "నాది నార్మల్‌రా" అనడం. మరి నీ హెచ్‌డీఎల్ ఎంత బాబాయ్ అని అడిగితే 34 అన్నాడు. పక్కన ఎల్ అని పడింది కదా అంటే, "అవున్రా, లో అని! కొలెస్ట్రాల్ తక్కువుంటే మంచిదేగా" అనేశాడు. పిన్ని కూడా అవునన్నట్టే తలూపింది.

తక్కువుంటే మంచిది కాదండీ. ఈ ఒక్క లైన్‌లో మాత్రం లెక్క తిరగబడుతుంది. రక్తనాళాల గోడల్లో చేరిన కొలెస్ట్రాల్‌ని తీసుకుని లివర్‌కి చేర్చే పనిలో హెచ్‌డీఎల్‌ది పెద్ద చెయ్యి, అందుకే మగవాళ్ళకి 40 కన్నా, ఆడవాళ్ళకి 50 కన్నా తగ్గితే తక్కువ కింద లెక్క. మగవాళ్ళకి 40, ఆడవాళ్ళకి 50.

ఇప్పుడు పెన్ను తీసుకోండి. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసెయ్యండి, అంతే. పిన్నికి హెచ్‌డీఎల్ 68, 218 లోంచి 68 పోతే 150. బాబాయికి 196 లోంచి 34 పోతే 162. చూశారా, ఎర్రగా పడిన పిన్నికి 150, నార్మల్ అనుకున్న బాబాయికి 162! దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు, రక్తనాళాల్లో పేరుకునే రకాలన్నీ ఇందులోకే వస్తాయి. మామూలుగా ఇది 130 లోపు ఉంటే మేలు, గుండె జబ్బో షుగరో ఉన్నవాళ్ళకైతే డాక్టర్లు ఇంకా తగ్గించమంటారు. అంటే పిన్నిది కూడా ఎక్కువేనండోయ్, కాకపోతే ఇంట్లో కంగారుపడాల్సిన మనిషి ఆవిడొక్కతే కాదు. పైగా బాబాయికి ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు, 210. హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, ఈ జోడీ మన దేశంలో చాలామందిలో కనిపిస్తుంది, నన్నడిగితే టోటల్ కన్నా ముందు చూడాల్సింది దీన్నే.

సరే, హెచ్‌డీఎల్ పెంచే మాత్ర ఏదైనా వేసుకుందామా అంటారా? అదీ చేసి చూశారండి. టోర్సెట్రాపిబ్ అని ఒక మందు, హెచ్‌డీఎల్‌ని బ్రహ్మాండంగా పెంచింది, తీరా చూస్తే వేసుకున్నవాళ్ళలో చావులు ఎక్కువయ్యాయి, 2006 డిసెంబర్లో ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. నంబర్ పెరిగినంత మాత్రాన గుండెకి రక్ష ఉంటుందని కాదన్నమాట. మరీ 90, 100 దాటిపోయినా గొప్పేం కాదు, అదీ డాక్టర్‌కి చూపించాల్సిందే.

మందు లేకుండా హెచ్‌డీఎల్ కాస్త పెరగాలంటే రోజూ వేగంగా నడవడం, పొట్ట తగ్గించుకోవడం, సిగరెట్ మానడం. వనస్పతి ముట్టుకోకపోవడం. పెరిగేది కొంచెమే, కానీ వీటివల్ల ట్రైగ్లిజరైడ్స్ కూడా దిగుతాయి, అసలు లాభం అక్కడుంది. లాల్‌బాగ్‌లో ఒక రౌండేసి బయటికొచ్చి రెండు మసాలా దోశలు లాగించేవాళ్ళ సంగతి నేను చెప్పను.

ఇంకొక్క మాట. హెచ్‌డీఎల్‌కి పరగడుపున ఇచ్చినా తిని ఇచ్చినా పెద్ద తేడా రాదు, ట్రైగ్లిజరైడ్స్‌కి మాత్రం వస్తుంది, కాబట్టి ముందురోజు పెళ్ళిభోజనం చేసొచ్చి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి, పాత రిపోర్ట్‌లు కూడా వెంట తీసుకెళ్ళండి. హెచ్‌డీఎల్ బాగుంది కదా అని వేసుకుంటున్న కొలెస్ట్రాల్ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపెయ్యకండి. ఉంటానండి మరి.