క్యాంపర్ ట్రైలర్ ఫ్లోర్ కిర్రుమంటోందా? ముందు చోటు పట్టుకోండి, స్క్రూ తర్వాత

నమస్కారమండీ. మన వైజాగ్ నుంచే, మన ట్రైలర్ పక్కనుంచే. ఈ రోజు పని ఒక్కటే, క్యాంపర్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు, దాని ఫ్లోర్ చప్పుడు. ముందు వినండి. బావా, ఓసారి లోపల సింక్ ముందు అటూ ఇటూ నడువు... అదీ. విన్నారా? ఇంకోసారి, మెల్లిగా... కిర్ర్. రాత్రి ఒకళ్లు మంచినీళ్లకి లేస్తే లోపలున్న అందరికీ మెలకువ వచ్చేస్తుంది.

చప్పుడు వినగానే డ్రిల్లు తీసి అక్కడే నాలుగు స్క్రూలు దింపేస్తారు చాలామంది. వద్దండీ. దయచేసి వద్దు. చప్పుడు ఆగదు, పైగా నీళ్లు దిగడానికి నాలుగు చిల్లులు మిగుల్తాయి. ముందు చోటు పట్టుకుందాం.

ఫ్లోర్ అంటే ఏముంది, కింద ఇనప ఛాసిస్, అడ్డంగా బాక్స్ పైపులు, ఇదిగో ఇవి. వాటి మీద ప్లైవుడ్, నాది 12 ఎం.ఎం. దాని మీద వినైల్ షీట్. చప్పుడు ఎప్పుడూ రాపిడే. ప్లై ఇనుముకి రాసుకోవచ్చు, అతుకు దగ్గర ప్లై ప్లైకి రాసుకోవచ్చు, లేదంటే ప్లై లేచి పడుతుంటే స్క్రూ ఒంటికి రాసుకోవచ్చు. ఎక్కువగా మూడోదే.

మన ఊళ్లో ఇది ఎక్కువ. సముద్రపు గాలికి ప్లై తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండలకి మళ్లీ తగ్గుతుంది. ఏడాదంతా అదే వరస. స్క్రూ చిల్లు వదులవుతుంది, ఉప్పుగాలికి స్క్రూ తుప్పు పడుతుంది. దానికి తోడు బండి అరకు ఘాట్ ఎక్కిందంటే, ఆ మలుపుల్లో ఛాసిస్ కొద్దికొద్దిగా మెలి తిరుగుతూనే ఉంటుంది.

సరే, మొదలెడదాం. బండి చదునైన నేల మీద, చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు, హ్యాండ్ బ్రేక్, నాలుగు మూలలా కాళ్లు దించడం, గ్యాస్ సిలిండర్ వాల్వ్ ఆపేయడం. ఇవన్నీ మీకు తెలుసు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి దూరకండి. స్టాండ్లు పెట్టాకే.

ఇప్పుడు ఒకళ్లు పైన, ఒకళ్లు కింద. పైన బావ అడుగు అడుగూ వేస్తాడు, కింద నేను టార్చ్ పట్టుకుని చూస్తాను. చెవిని నమ్మకండి. ఇనుము చప్పుడుని మోసుకుపోతుంది, ఇక్కడ పుట్టింది అక్కడ వినిపిస్తుంది. పొడుగు స్క్రూడ్రైవర్ కొస పైపుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకోండి, మన మెకానిక్‌లు ఇంజన్ వినేటట్టు. ఎక్కడ గట్టిగా వినిపిస్తుందో తెలిసిపోతుంది. తర్వాత వేలు. ప్లై, పైపు కలిసేచోట వేలికొస పెట్టండి. బావా, తొక్కు. వదులు. తొక్కు... ఇదిగో, కదులుతోంది. కెమెరాలో తెలియట్లేదేమో, వేలికి తెలుస్తోంది. ఇప్పుడు ఈ విజిటింగ్ కార్డు... చూశారా, లోపలికి దూరిపోయింది. ప్లైకీ పైపుకీ మధ్య సందు ఉందన్నమాట. సుద్దతో గుర్తు పెట్టేస్తున్నా. పైన బావ అదే చోట మాస్కింగ్ టేప్ అంటిస్తాడు.

అనుమానముంటే ప్లై అతుకులో కాస్త టాల్కమ్ పౌడర్ పోసి తొక్కండి. చప్పుడు ఆగితే అది అతుకు రాపిడే. పౌడరు వైద్యం కాదు, పరీక్ష మాత్రమే. నూనె స్ప్రేలు మాత్రం కొట్టొద్దు, తర్వాత సీలెంట్ అంటుకోదు. ఇంకోటి, ఒక్కోసారి తప్పు ఫ్లోర్‌ది కాదు, కప్‌బోర్డు అడుగుదో మెట్టుదో అవుతుంది. చేత్తో ఊపి చూసుకోండి.

ఇంకా చిన్న పరీక్ష. స్క్రూడ్రైవర్ కొసతో ప్లైని కింద నుంచి గుచ్చండి, ముఖ్యంగా తలుపు దగ్గరా సింక్ కిందా. దిగబడిపోతే అది చివికిపోయింది. అక్కడ ఏ స్క్రూ పట్టదు. ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో ఆపాలి, ఆ ముక్క కోసి కొత్తది వెయ్యాలి. అది వేరే పని. నాది గట్టిగానే ఉంది.

వినైల్ మధ్యలో కొయ్యకండి. తలుపు దగ్గర అంచు పట్టీ తీసి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చూపిస్తూ మెల్లిగా చుట్టుకుంటూ రండి. అంతే, వచ్చేసింది. స్క్రూ తలలు కనపడకపోతే అయస్కాంతం తిప్పండి, పట్టుకుంటుంది.

స్క్రూ తీశాను. దగ్గరగా చూపిస్తా, ఆగండి... ఫోకస్... ఆ. తలా కొసా ఎర్రగా తుప్పు. మధ్యలో ఇంత మేర మాత్రం తళతళా మెరుస్తోంది. ఎందుకు? ప్లై ఇక్కడే పైకీ కిందకీ రుద్ది రుద్ది తుప్పు చెరిపేసింది. మన చప్పుడు ఇదే.

ఇప్పుడు అసలు మెలిక. ఇక్కడ నిదానంగా వినండి. కొత్త స్క్రూ తెచ్చి ప్లైలోంచి నేరుగా పైపులోకి దింపితే ఏమవుతుంది? స్క్రూ మరలు ప్లైనీ పట్టుకుంటాయి, ఇనుమునీ పట్టుకుంటాయి. రెండూ పట్టుకుంటే మధ్య సందు అలాగే ఉండిపోతుంది. మీరు ఎంత బిగించినా ప్లై కిందకి దిగదు, ఎందుకంటే ప్లైలో ఎంత మర తిరిగిందో ఇనుములోనూ అంతే తిరిగింది. చేతికి బిగుసుకున్నట్టే ఉంటుంది, తొక్కితే మళ్లీ కిర్రు. అందుకని ప్లైలో చిల్లు స్క్రూ కన్నా పెద్దది ఉండాలి. స్క్రూ ప్లైలో స్వేచ్ఛగా జారాలి, ఇనుమునే పట్టుకోవాలి, తల ప్లైని కిందకి లాగాలి. ఇది కుదిరిందా, పని కుదిరినట్టే.

నేను 12 గేజ్ వాడుతున్నా, అంటే 5.5 ఎం.ఎం. కాబట్టి ప్లైకి 6 ఎం.ఎం. బిట్. బిట్‌కి కొస నుంచి 12 ఎం.ఎం. దగ్గర టేప్ చుట్టాను చూడండి, టేప్ ప్లైకి తగలగానే ఆపెయ్యాలి. పాత చిల్లులో వెయ్యొద్దు, ఇనుములో అది వదులైపోయింది. పైపు పొడుగునా ఒక రెండు అంగుళాలు పక్కకి జరగండి, పాత చిల్లుకి ఎపాక్సీ పెట్టండి. డ్రిల్లు పెట్టే ముందు మళ్లీ కిందకి వెళ్లి చూడండి, అక్కడ వైరు, నీళ్ల పైపు, గ్యాస్ లైను ఏమన్నా పోతున్నాయా అని. చూడకుండా పెట్టకండి.

పక్కన చిన్న రెక్కలున్న సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు దొరుకుతాయి. ఆ రెక్కలే ప్లైలో చిల్లు పెద్దది చేసి, ఇనుము తగలగానే విరిగిపోతాయి. నాకు చాలా ఇష్టం అవి. ఆటోనగర్ నట్టుబోల్టుల షాపుల్లో అడిగి చూడండి. సముద్రం పక్కన కదా అని స్టెయిన్‌లెస్ తీసుకుంటారా, మంచిదే, కానీ 304 స్టెయిన్‌లెస్ మెత్తన, ఇనుముని తనంతట తాను తొలచలేదు. ముందు ఇనుముకి చిన్న చిల్లు పెట్టుకోవాలి.

బిగించే ముందు సందులోకి సన్నని చెక్క చీలిక దూర్చి ప్లైని కాస్త ఎత్తండి. వైర్ బ్రష్‌తో తుప్పు గీకండి, జింక్ ప్రైమర్ వేసి ఆరనివ్వండి. తర్వాత పీయూ సీలెంట్, అంటే పాలీయురెథేన్ జిగురు లాంటిది, గన్నుతో సందు పొడుగునా ఒక వరస. చీలిక తీసెయ్యండి. బావా, నువ్వు వచ్చి ఇక్కడ నిలబడు, రెండు కాళ్లూ... ఆ. మనిషి బరువు మీద ఉండగానే స్క్రూ దింపాలి. ఇంపాక్ట్ డ్రైవర్ వద్దు, తలని ప్లైలోకి దింపేస్తుంది. మామూలు డ్రిల్లు, క్లచ్ తక్కువలో పెట్టి. ఇదిగో, తల ప్లైకి సమానంగా వచ్చింది, సందులోంచి సీలెంట్ కొంచెం బయటికొచ్చింది చూడండి. అలా రావాలి.

అతుకు దగ్గర కింద పైపు లేకపోతే, అతుకు కింద ప్లై పట్టీ ఒకటి సీలెంట్‌తో అంటించి, రెండు వైపులా స్క్రూలు వెయ్యండి. వినైల్ తీయలేని వాళ్లు కింద నుంచే ప్లైనీ పైపునీ కలిపి పట్టే ఎల్ ఆకారం క్లాంపు వేసుకోవచ్చు. 12 ఎం.ఎం. ప్లైకి 10 ఎం.ఎం. కన్నా పొడుగు స్క్రూ వాడకండి, కొస పైకొచ్చి కాలికి గుచ్చుకుంటుంది.

సీలెంట్ గట్టిపడాలి కదా, 24 గంటలు ఎవరూ లోపల నడవొద్దు. తర్వాత వినైల్ పరిచేసే ముందే ఒకసారి నడిచి వినండి, వినైల్ అంటించాక కాదు. మొదటి ఘాట్ ట్రిప్ నుంచి రాగానే అదే విజిటింగ్ కార్డు పట్టుకుని కిందకి వెళ్లండి. సుద్ద గుర్తున్న ప్రతి చోటా దూర్చి చూడండి. ఎక్కడన్నా దూరితే ఆ ఒక్క స్క్రూ తీసి, ప్లైలో చిల్లు 6 ఎం.ఎం. ఉందో లేదో చూసుకుని మళ్లీ వెయ్యండి.