61 రోజులు అనుకున్నాం, ధవళేశ్వరం దగ్గర ఇరుక్కున్నాం

సుగుణ: ఎర్ర లైటు వెలిగింది. సరే. అందరికీ నమస్కారం. ఈ వారం విషయం వేట నిషేధం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరమంతా బోట్లు ఒడ్డునే ఉంటాయి కదా, దానివల్ల సముద్రంలో చేప నిజంగా పెరుగుతోందా అని.

నాని: ముందుగా ఒక మాట. పోయినసారి చందువా చేప గురించి నేను అన్నదానికి చీరాల నుంచి వచ్చిన మెసేజ్‌లు ఇక్కడ చదవను.

సుగుణ: నేను చదివాను. సేవ్ కూడా చేసుకున్నాను.

నాని: పద, పద. నిషేధం. చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం, వాటి జోలికి పోకూడదు. మొదట్లో 47 రోజులు ఉండేది, 2015లో 61 చేశారు. ఇంజను లేని పడవలకి వర్తించదు. అయిపోయింది కదా? ఇప్పుడు పులస.

సుగుణ: రెండు నిమిషాలు కాలేదు రా.

నాని: సంబంధం ఉంది అక్కా, విను. జూన్ 14తో నిషేధం అయిపోతుంది. పులస గోదారిలోకి ఎప్పుడొస్తుంది? వరదకి ఎర్రనీళ్ళు సముద్రంలోకి దిగాక. జూలై, ఆగస్టు. గుడ్లు పెట్టడానికి ఏరెక్కుదామని అది మొగ దగ్గరికి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటికి, వచ్చేసరికి మనవాళ్ళు వలలేసుకుని కూర్చుని ఉంటారు. ఏటికి ఎదురెక్కేటప్పుడు దాన్ని కాపాడటానికి ఈ 61 రోజుల్లో ఒక్క రోజూ పనికిరాదు.

సుగుణ: అది నిజమే. అన్ని చేపలకీ ఒకే తేదీలు సరిపోవు. కానీ అసలు గొడవ తేదీల్లో లేదు, వల కన్నులో, అదే వలకుండే సందులో ఉంది.

నాని: వచ్చింది! కన్ను వచ్చింది! ఎవరైనా టైము రాసుకోండి.

సుగుణ: వస్తుంది మరి. మామూలు ట్రాల్ వల, అంటే బోటు వెనక కట్టి లాగే వల, దాని సంచికి కన్ను డైమండ్ ఆకారంలో ఉంటుంది. బోటు లాగేకొద్దీ అది బిగుసుకుని మూసుకుపోతుంది. పిల్ల చేప బయటికి పోదామన్నా సందు ఉండదు. చదరపు కన్ను వేస్తే ఎంత లాగినా తెరుచుకునే ఉంటుంది. ఇంతే తేడా, ఇదేం రాకెట్టు కాదు. 61 రోజులు గుడ్లు పెట్టనిచ్చి, 62వ రోజు నుంచి ఆ పిల్లల్నే సన్న కన్ను వలతో ఎత్తేసి మేత ఫ్యాక్టరీకి కిలోల్లెక్కన అమ్మితే ఇంక నిషేధం ఎందుకు?

నాని: ట్రాల్ బోట్ల సంగతి ఒప్పుకుంటాను. పులసకి మాత్రం నీ కన్నుతో పని లేదు. పులసని చంపింది ధవళేశ్వరం.

సుగుణ: కాటన్ దొర మీద పడ్డావా! మీ ఊళ్ళో వినకూడదు ఇది.

నాని: మా తాత ఫొటో పక్కన ఆయన ఫొటో ఉంటుంది, తెలుసు కదా. గౌరవం గౌరవమే. కానీ అది ఏటికి ఎదురీదే చేప. అడ్డం కడితే ఎటు పోతుంది?

సుగుణ: ఆనకట్ట పూర్తయింది ఎప్పుడు?

నాని: 1852.

సుగుణ: మరి ఆనకట్టే చంపితే, మీ తాత చిన్నప్పుడు పులస ఎక్కడిది? మీ నాన్న చిన్నప్పుడు ఎక్కడిది? నూట యాభై ఏళ్ళకి పైగా ఆ గోడ కిందే బతికింది కదా ఆ చేప. గోడ పాతదే. కొత్తగా వచ్చిందేమిటి? నైలాన్ వల, ఇంజను, ఐసు, ఒక్క చేపకి యానాం వేలంలో 20 వేలు దాటే రేటు.

నాని: అక్కడే తప్పులో కాలేశావ్. పాత ఆనకట్ట ఎత్తు తక్కువ. వరదొస్తే నీరు దాని మీదనుంచే పోయేది. ఇప్పుడున్నది అది కాదు, 1970ల్లో మొదలెట్టి 80ల్లో పూర్తి చేసిన బ్యారేజీ. గేట్లు!

సుగుణ: పెద్ద వరదకి 175 గేట్లూ ఎత్తేస్తారుగా.

నాని: గేటు కింద ఆ నీటి ఉరవడికి ఎదురీది చూడు నువ్వు. ఫరక్కా చూడు. 1975లో గంగ మీద బ్యారేజీ మొదలైంది. అంతకుముందు ఇలిష్, అంటే మన పులసే, అలహాబాదు దాకా వెళ్ళేది. ఆ తర్వాత పైన దాదాపు కనపడకుండా పోయింది. అక్కడ వల కన్ను మారిందా? మారింది ఏరు.

సుగుణ: ఫరక్కా ఒప్పుకుంటాను.

నాని: రికార్డ్ అయింది కదా? అయింది.

సుగుణ: ఫరక్కాకి పైన ఒప్పుకుంటాను. ఇప్పుడు ఫరక్కా దిగువకి రా. బంగ్లాదేశ్. అదే చేప, అదే నీరు, తగ్గిపోయిన నీరే. 2002-03 ప్రాంతంలో వాళ్ళకి ఏడాదికి 2 లక్షల టన్నుల ఇలిష్ వచ్చేది. 2020 నాటికి ఐదున్నర లక్షలు. ఏ బ్యారేజీ పగలగొట్టారు?

నాని: ...

సుగుణ: చెప్పు.

నాని: వింటున్నా.

సుగుణ: 25 సెంటీమీటర్ల లోపు పిల్లని నవంబరు నుంచి జూన్ దాకా పట్టకూడదు. అక్టోబరులో పౌర్ణమి చుట్టూ 22 రోజులు తల్లి చేపని పట్టకూడదు. గుడ్లు పెట్టే చోట్లు, పిల్లలు పెరిగే చోట్లు చూసుకుని కొన్నింటిని రక్షిత ప్రాంతాలు చేశారు. చూశావా, తేదీలు ఆ చేపని చూసి పెట్టారు, ఆఫీసు క్యాలెండర్ చూసి కాదు. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకి బియ్యం ఇచ్చారు. ఈమధ్య మళ్ళీ కాస్త తగ్గుతోంది, అది వేరే కథ. కానీ లేచింది కదా?

నాని: లేచింది. అయితే నా ప్రశ్న ఇది. అక్కడ బంగ్లాదేశ్‌లో మేఘన నది నోటి దగ్గర చేపకి వందల కిలోమీటర్ల ఏరు అడ్డం లేకుండా ఉంది. మనకి? ధవళేశ్వరం నుంచి సముద్రానికి ఎంత దూరం ఉంది? పోనీ ఆ కాస్త దూరంలోనైనా నీరుందా? ఎగువన ఎన్ని ప్రాజెక్టులు కట్టాం? వరద ఆలస్యం. మొగలో ఇసుక మేట. ఎర్రనీరు సముద్రంలోకి తగినంత దిగకపోతే ఏరెక్కాలని దానికి తెలిసేదెలా? నువ్వు చదరపు కన్ను వేసుకో, గుండ్రటి కన్ను వేసుకో.

సుగుణ: ఇది మంచి మాట. నీరు సంగతి ఒప్పుకుంటాను, గోడ సంగతి కాదు.

నాని: గోడే నీటిని ఆపేది!

సుగుణ: అరవకు, పక్కింటివాళ్ళు మళ్ళీ వస్తారు.

నాని: రానీ. మన శ్రోతలు వాళ్ళిద్దరే.

సుగుణ: పోనీ నీ లెక్కే నిజం అనుకుందాం. బ్యారేజీ తీసెయ్యరు, డెల్టా అంతా దాని మీద బతుకుతోంది. అంటే చేతిలో ఉన్నదేంటి? ఆగస్టులో గుడ్లతో వచ్చిన తల్లిని కొనకపోవడం. అది నువ్వు చేస్తావా?

నాని: ఇది పర్సనల్.

సుగుణ: పోయినేడు నీ స్టేటస్‌లో పులస పులుసు చూశాను. బెండకాయ ముక్కలతో సహా.

నాని: అది ఒడిశా నుంచి ఐసులో వచ్చిందే అనుకుంటా. రుచిలో తెలిసిపోయింది. మా అమ్మ సామెత కూడా చెప్పలేదు.

సుగుణ: సామెత ఎత్తితే డబ్బాలో యాభై వెయ్యాలి, గుర్తుందిగా.

నాని: ఎత్తలేదు! పేరు పెట్టానంతే.

సుగుణ: సరే, నవ్వు ఆపు. ఒక్క మాట సీరియస్‌గా చెప్పాలి. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేప. 1992 జూలైలో వేట ఆపేశారు. రెండేళ్ళన్నారు. మళ్ళీ మామూలు వేట తెరిచింది 2024లో. ఒక్కసారిగా 30 వేల మంది దాకా పని పోయింది. అక్కడి శాస్త్రవేత్తలు లెక్కల్లో చేప ఎక్కువ చూపించుకున్నారు, పట్టడం ఆపలేదు, చివరికి ఆపేసరికి మిగిలిందే లేదు. నాకు భయం అదే. మనం కూడా ఏటా 61 రోజులు ఆపాం కదా అని నిశ్చింతగా ఉండి...

నాని: ఆ 61 రోజులూ ఎవరి కడుపు మీద ఆపుతున్నాం అన్నది ఇంకోటి.

సుగుణ: అవును. నిషేధం రోజులకి ప్రభుత్వం 10 వేలు ఇచ్చేది, 2025లో 20 వేలు చేశారు. మంచిదే. రెండు నెలలకి ఒక ఇంటికి. బోటు ఓనరుకి ఎలాగో గడుస్తుంది, బోటు మీద కూలికెళ్ళే కళాసీ అప్పు చేస్తాడు. ఆ డబ్బు కూడా వేటకెళ్ళేవాళ్ళకే. గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే ఆడవాళ్ళకి ఆ రెండు నెలలూ బేరం లేదు, లిస్టులో పేరూ లేదు. మా వీధికొచ్చే ఆవిడ ఆ రోజుల్లో మామిడికాయలు అమ్ముతుంది. చేప పెరగాలని మనందరం అంటాం, దాని ఖర్చు ఆవిడ కడుతోంది.

నాని: ...ఇది ముందు చెప్పి ఉంటే నేను పులస ఎత్తేవాణ్ణి కాదు.

సుగుణ: ఎత్తేవాడివే.

నాని: ఎత్తేవాణ్ణే. సరే, ప్రశ్నలు. భీమిలి నుంచి ఒకాయన రింగు వలల మీద, అదే చేపల గుంపుని చుట్టేసి పట్టే పెద్ద వలల మీద, మన అభిప్రాయం అడిగారు. 2022 జనవరిలో వైజాగ్‌లో పడవలు తగలబడేదాకా వెళ్ళింది కదా, దాని మీద ఒక ఎపిసోడ్ చెయ్యమంటున్నారు.

సుగుణ: నేను చెయ్యను. మా పిన్ని వాళ్ళది ఒక పక్క, మా మరిది వాళ్ళది ఇంకో పక్క.

నాని: అయితే నేనొక్కణ్ణే చేస్తా.

సుగుణ: నువ్వు చేస్తే పది నిమిషాల్లో ధవళేశ్వరంలో తేలతావు.

నాని: తేలితే ఏం, అక్కడ కనీసం ఫిష్ ల్యాడర్, అదే చేపలెక్కే మెట్లు, అనేది ఒకటి సరిగ్గా—

సుగుణ: ఉండు, ఫోనొస్తోంది. పిన్నే.

నాని: ఎత్తు, ఎత్తు. స్పీకర్‌లో పెట్టు.

సుగుణ: ముందు అది ఆపరా.