ఛాయా మండలం గురించి మాట్లాడాలని కూర్చున్న భాగం

తమ్ముడు: శ్రోతలకు నమస్కారం. భూకంపాల పి తరంగాలు, అంటే అన్నిటికంటే ముందుగా చేరే ఒత్తిడి తరంగాలు, నేరుగా చేరని ఛాయా మండలం గురించి ఈసారి మాట్లాడతామని మాట ఇచ్చాం. లోతుకు వెళ్లేకొద్దీ శిలల సాంద్రత పెరుగుతుంది కనుక తరంగ వేగం కూడా పెరిగి...

అక్క: అక్కడే ఆగు. ఆ ‘కనుక’ను తీసేస్తే తప్ప నేను ముందుకు కదలను.

తమ్ముడు: మళ్లీ మొదలుపెట్టారా అక్కా? మునుపటి భాగంలోని పరుపు ఉదాహరణ మాత్రం వద్దు, శ్రోతలు దాన్ని ఇంకా మరచిపోలేదు.

అక్క: పరుపు జోలికి పోను. స్థితిస్థాపక గుణకాన్ని, అంటే శిల బిగువు కొలతను, సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే తరంగ వేగం వస్తుంది. అంటే సాంద్రత హారంలో ఉంది. శిల బిగువు మారకుండా బరువు మాత్రమే పెరిగితే తరంగం నెమ్మదించాలి. పీడనం వల్ల బిగువు సాంద్రతను మించి పెరగడం చేతనే, భూమి పైపొర అయిన భూపటలంలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు సాగే పి తరంగం, దాని కింది పొర అయిన ప్రావారం పైభాగంలో 8, దాని అడుగున 13కు పైగా అందుకుంటుంది.

తమ్ముడు: రెండూ కలిసే పెరుగుతున్నప్పుడు సాంద్రత అని చెబితే ఏం పోతుంది? వినేవారికి సులువుగా గుర్తుంటుంది.

అక్క: గుర్తుండిపోయే తప్పును మాన్పించడం మరీ కష్టం. సుమారు 2,900 కిలోమీటర్ల లోతున ద్రవరూపంలోని బాహ్య కేంద్రం మొదలయ్యే చోట సాంద్రత ఘన సెంటీమీటరుకు 5.6 గ్రాముల నుంచి దాదాపు 9.9కి ఎగబాకుతుంది. నీ లెక్కన పి తరంగం పరుగందుకోవాలి. కానీ దాని వేగం 13.7 నుంచి 8కి పడిపోతుంది. ద్రవానికి ఆకారాన్ని నిలుపుకునే దృఢత లేదు కాబట్టి అడ్డంగా ఊగిస్తూ సాగే ఎస్ తరంగమైతే అక్కడ అడుగే పెట్టదు.

తమ్ముడు: ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇన్నాళ్ల వాదన తప్పేది కదా! ఓడిపోయాను. ఇక నాకిష్టమైన క్రొయేషియా భూకంప శాస్త్రవేత్త మొహొరోవిచిచ్ దగ్గరకు వెళ్లనివ్వండి. 1909లో జాగ్రెబ్ సమీపాన వచ్చిన భూకంపపు నమోదుల్లో పి తరంగం రెండుసార్లు చేరినట్లు ఆయన గమనించారు. ఒకటి పటలంలోనే నేరుగా వచ్చింది. రెండోది సందిగ్ధ కోణంలో ప్రావారాన్ని తాకి, ఆ సరిహద్దు వెంట వేగంగా సాగి, తిరిగి పైకి వంగింది. పటలం మందం 30 కిలోమీటర్లు అనుకుంటే, సుమారు 160 కిలోమీటర్ల దూరం దాటాక ఈ చుట్టుదారి తరంగమే ముందుగా చేరుతుంది.

అక్క: ఇందులో కూడా సాంద్రత గొప్పేమీ లేదు.

తమ్ముడు: నేను ఆ పేరే ఎత్తలేదు!

అక్క: ఎత్తబోయావు. సరే, ఛాయా మండలం సంగతి కానివ్వు.

తమ్ముడు: కేంద్రంలోకి దిగిన తరంగం వేగం తగ్గి లంబం వైపు వంగడం వల్ల, భూమి మధ్యబిందువు నుంచి కొలిస్తే భూకంప నాభికి 104 నుంచి 140 డిగ్రీల కోణదూరంలో నేరుగా వచ్చే పి తరంగాలు ఉండవు. అయినా అక్కడ కనిపించిన బలహీన తరంగాల ఆధారంగానే డెన్మార్క్ భూకంప శాస్త్రవేత్త ఇంగె లేమన్ 1936లో అంతర కేంద్రాన్ని ప్రతిపాదించారు.

అక్క: అంతర కేంద్రంలో వేగం 10.3 నుంచి 11కు పెరగడానికి కారణం కూడా...

తమ్ముడు: అక్కా, సమయం అయిపోయింది. ఆ వాక్యం వచ్చే భాగంలో పూర్తిచేయండి.