యాంటీవైరస్ ఎక్కడ ఆగిందో ముందు చూడండి

సభకు నమస్కారం.

ఒంగోలులోనైనా, చీమకుర్తిలోనైనా, పొదిలిలోనైనా ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారు రిపేరు షాపుకు వచ్చి తరచుగా చెప్పే ఫిర్యాదు ఒకటుంది: ‘‘స్కాన్ పెడితే చాలు, సిస్టమ్ హ్యాంగ్ అయిపోతోంది. ఆ యాంటీవైరస్ తీసేయండి.’’ షాపువారి జవాబు కూడా అంతే సిద్ధంగా ఉంటుంది: ‘‘ఫార్మాట్ కొట్టేద్దాం.’’ ఈ రెండింటిలో ఏది చేసినా కొన్నాళ్లపాటు కంప్యూటర్ బాగానే నడిచినట్టు కనబడుతుంది కాబట్టి అసలు లోపం ఎక్కడుందన్న ప్రశ్న అక్కడితో మూతపడిపోతుంది. ఈరోజు నేను ఆ ప్రశ్న గురించే మాట్లాడదలచుకున్నాను.

మిగిలిన ప్రోగ్రాములు తమకు కావలసిన ఫైళ్లను మాత్రమే తెరుస్తాయి. ట్యాలీ తన లెక్కలను చదువుకుంటుంది, వర్డ్ తన పత్రాన్ని చదువుకుంటుంది. యాంటీవైరస్ మాత్రం ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని ఫైలును కూడా తెరిచి చదువుతుంది. అంతేకాక, మీరు ఏ ఫైలు మీద క్లిక్ చేసినా అది మీ చేతికి అందేలోపు మధ్యలో ఆపి పరీక్షించడానికి విండోస్ లోపలి పొరలో డ్రైవర్ అనే తన చిన్న ప్రోగ్రామును ఒకదాన్ని కూర్చోబెట్టుకుంటుంది. అందువల్ల డిస్కులో ఏ మూల చెడినా, ప్రాసెసర్ వేడెక్కినా, ఆ లోపలి పొరలో ఇంకొకరు అడ్డుపడినా ఆ దెబ్బ ముందుగా తగిలేది యాంటీవైరస్‌కే. ఆగిపోయినది అదే గనుక తప్పు కూడా దానిదేనని మనం తీర్పు చెప్పేస్తాం. నిజంగా దాని తప్పే అయిన సందర్భాలూ ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను.

ముందుగా గమనించవలసినది, అది ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందా, ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోందా, లేక కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే బిగుసుకుపోతోందా అన్నది. స్కాన్ జరిగేటప్పుడు చాలా యాంటీవైరస్‌లు ప్రస్తుతం చదువుతున్న ఫైలు పేరును కింద చూపిస్తాయి, ఆగిపోయినప్పుడు దాన్ని ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. శాతాన్ని మాత్రం నమ్మకండి, అది ఒక అంచనా మాత్రమే. తొంభై తొమ్మిది దగ్గర అరగంట నిలబడినంత మాత్రాన హ్యాంగ్ అయినట్టు కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో యాంటీవైరస్ పేరు ఎదురుగా సీపీయూ అంకె, డిస్క్ అంకె మారుతూ ఉంటే పని జరుగుతున్నట్టే, వదిలేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ అక్కడ ‘యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్’ అనే పేరుతో కనిపిస్తుంది. అది చూసి వైరస్ అనుకుని కంగారుపడేవారు చాలామంది ఉన్నారు.

ప్రతిసారీ ఒకే ఫైలు దగ్గర ఆగితే రెండు అవకాశాలున్నాయి. మొదటిది, ఆ ఫైలు పెద్ద జిప్ కావడం. అలాంటిదాన్ని యాంటీవైరస్ లోపలే విప్పి, అందులో మరో జిప్ ఉంటే దాన్నీ విప్పి చూడాలి కాబట్టి నాలుగు జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ నీరసపడిపోతుంది. ఆ ఫైలు అవసరం లేకపోతే తీసేయండి, అవసరమైతే పెన్‌డ్రైవ్‌లోకి మార్చి స్కాన్ మళ్లీ పెట్టి చూడండి. రెండవది, ఆ ఫైలు ఉన్నచోట హార్డ్ డిస్క్ చెడిపోవడం. మనకు తరచుగా ఎదురయ్యేది ఇదే, ఎక్కువ నష్టం చేసేది కూడా ఇదే. చెడిన భాగాన్ని చదవలేక డిస్క్ అక్కడే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, అంతసేపూ విండోస్ ఎదురుచూస్తుంది, యాంటీవైరస్ కిటికీ తెల్లబడి ‘నాట్ రెస్పాండింగ్’ అని చూపిస్తుంది. గది నిశ్శబ్దంగా ఉంటే డబ్బాలోంచి టక్, టక్ మని ఆగి ఆగి వచ్చే చప్పుడు కూడా వినబడుతుంది. విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో ‘డిస్క్’ అనే మూలం నుంచి ఏడో నంబరు ఎర్రగుర్తు వరుసగా కనబడితే, డిస్కులో బ్యాడ్ బ్లాక్ ఉందని విండోస్ తానే రాసిపెట్టినట్టు. అప్పుడు చేయవలసిన మొదటి పని స్కానూ కాదు, డిస్క్ చెకింగూ కాదు. పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాలు, ఫొటోలు, లెక్కలు వేరే డిస్కులోకి కాపీ చేసుకోవడం. డిస్క్ చెకింగ్ చెడిన చోట్లన్నీ వెతుకుతూ తిరుగుతుంది కాబట్టి చావుకు సిద్ధంగా ఉన్న డిస్కును అదే చంపేయవచ్చు. యాంటీవైరస్ తీసేసి ఊరుకున్నవారికి ఈ హెచ్చరిక అందదు. ఆరు నెలల తర్వాత డిస్క్ పూర్తిగా పోయినప్పుడే తెలుస్తుంది.

కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ లేకుండా ఠక్కున ఆగే కంప్యూటర్లలో డిస్క్ బాగానే ఉండి ఫైళ్ల పట్టిక మాత్రం దెబ్బతినడమూ మామూలే. దానికి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో, టూల్స్‌లో ఉండే చెక్ సరిపోతుంది.

ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే వేడిని అనుమానించాలి. మే నెలలో ఒంగోలులో ఎండ నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఫ్యాను మాత్రమే ఉన్న గదిలో ఫుల్ స్కాన్ పెడితే ప్రాసెసర్ చాలాసేపు ఊపిరి తీసుకోకుండా పనిచేయాలి. చాలా ప్రాసెసర్లు తొంభై అయిదు, నూరు డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి, ఇంకా పెరిగితే కంప్యూటరే ఆగిపోతుంది. చీమకుర్తిలో గ్రానైట్ కోత జరిగే చోటికి దగ్గరి ఇంటి నుంచి వచ్చిన ఒక సీపీయూ డబ్బా తెరిస్తే, ప్రాసెసర్ మీది ఫ్యాను కింద అల్యూమినియం రేకుల మధ్య ఖాళీ అన్నదే లేదు. బూడిదరంగు పిండి తడికి గట్టిపడి సిమెంటు పూసినట్టు అతుక్కుపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. ఆ యంత్రానికి అంతకుముందే యాంటీవైరస్ మార్చారు, ఫార్మాట్ కూడా కొట్టించారు. రేకులు శుభ్రం చేసి, ప్రాసెసర్ మీద కొత్త పేస్టు పూశాక అదే యాంటీవైరస్‌తో స్కాన్ పూర్తయింది. మీరు ఇంట్లో దుమ్ము దులిపేటప్పుడు ప్లగ్గు తీసి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. శుభ్రంగా ఉన్నా ఇంకా చోటు మార్చి మార్చి ఆగుతుంటే ర్యామ్ పరీక్షించాలి, అందుకు ‘విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్’ విండోస్‌లోనే ఉంది.

ఆన్ చేయగానే బిగుసుకుపోయేవాటిలో ఎక్కువ భాగం ఒకే డబ్బాలో రెండు యాంటీవైరస్‌లు ఉన్న కేసులు. ల్యాప్‌టాప్‌తో పాటు నెలరోజుల ట్రయల్ ఒకటి వస్తుంది, గడువు తీరాక షాపులో ఇంకొకటి కొంటాం, మొదటిది మాత్రం తీయం. ఒకటి తెరిచిన ఫైలును రెండోది పరీక్షిస్తుంది, ఆ పరీక్షను మొదటిది పరీక్షిస్తుంది. వేరే యాంటీవైరస్ నమోదు కాగానే డిఫెండర్ తానే పక్కకు తప్పుకుంటుంది గాని, బయటి కంపెనీలవి రెండు ఉంటే ఆ మర్యాద ఉండదు. కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేసినా డ్రైవర్లు మిగిలిపోవచ్చు కాబట్టి చాలా పెద్ద కంపెనీలు తమ సైటులో విడిగా ఒక రిమూవల్ టూల్ ఇస్తాయి, దాన్నే వాడండి. కంప్యూటర్ అంతవరకు కూడా సహకరించకపోతే, లాగిన్ తెర మీద షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ ఇచ్చి, ట్రబుల్‌షూట్ ద్వారా సేఫ్ మోడ్‌లోకి, అంటే విండోస్ అత్యవసరమైనవి మాత్రమే నడిపే స్థితిలోకి వెళ్లి ఆ పని చేయవచ్చు. క్రాక్ చేసిన యాంటీవైరస్ గురించి నేను మాట్లాడను. దొంగకు తాళాలిచ్చాక తలుపు ఎందుకు బిగుసుకుందని అడగడం దేనికి?

యాంటీవైరస్‌దే, లేదా విండోస్‌దే తప్పయిన సందర్భాలు చెబుతానన్నాను. 2019 ఏప్రిల్ 9న మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన అప్‌డేట్ తర్వాత సోఫోస్, అవాస్ట్, అవీరా వంటి యాంటీవైరస్‌లు ఉన్న కంప్యూటర్లు కొన్ని స్టార్ట్ అవుతూనే బిగుసుకుపోయాయి. చివరకు ఆ యంత్రాలకు అప్‌డేట్ వెళ్లకుండా మైక్రోసాఫ్ట్ ఆపవలసి వచ్చింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ పంపిన ఒక్క తప్పు ఫైలుతో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర దగ్గర నిలిచిపోయాయి. అందువల్ల నిన్నటి వరకు బాగా నడిచి ఈరోజు హఠాత్తుగా ఆగితే, విండోస్ అప్‌డేట్ హిస్టరీలో నిన్న ఏమి పడిందో చూడండి, సేఫ్ మోడ్‌లో దాన్ని వెనక్కు తీయవచ్చు.

ఇక ఒక్క సంగతి. తెరంతా ఎర్రబడి, మోత మోగుతూ, ‘మీ యాంటీవైరస్ ఆగిపోయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని వస్తే అది యాంటీవైరస్ కాదు, బ్రౌజర్‌లో తెరుచుకున్న ఒక పేజీ. ఏ కంపెనీ కూడా అలా ఫోన్ చేయమనదు. టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఎండ్ టాస్క్ చేయండి, మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలను రీస్టోర్ చేయవద్దు. అప్పటికే ఎవరైనా ఫోన్ చేసి, దూరం నుంచే మన కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ లాంటిది వేయించుకుని డబ్బు పోగొట్టుకుని ఉంటే, ముందుగా ఇంటర్నెట్ తీగ పీకేసి, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు పాస్‌వర్డులు మార్చుకోవడం మాత్రం ఆ కంప్యూటర్ నుంచి కాదు, వేరే ఫోను నుంచి.