మొహమాటం లేకుండా అడుగుదాం

(పాలకొల్లులో రొయ్యల రైతులు, విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగం)

సభలో ఉన్న పెద్దలకు, రైతు సోదరులకు, ఆడపడుచులకు, వెనక వరసల్లో కూర్చున్న మా పిల్లలందరికీ నమస్కారం.

ముప్పై ఏళ్లు బ్యాంకులో లోను కాగితాలు చూసి రిటైరైనవాణ్ణి నేను. ఇవాళ చెప్పబోయేది మాత్రం ఫోన్ గురించి. ఫలానా కంపెనీ ఫౌండర్‌నని, మీ డబ్బు పెంచుతానని, మీ అబ్బాయికి ఉద్యోగం ఇస్తానని ఫోన్లోకి వచ్చే మనిషిని ఎంతవరకు నమ్మాలన్నదే విషయం.

మీకు తెలిసిన పనితోనే మొదలుపెడతాను. చెరువులో సీడ్, అంటే రొయ్య పిల్లల్ని వదిలేముందు ఏం చేస్తారు? సీడ్ అమ్మే హేచరీ ఆయన మన వియ్యంకుడే అయినా సరే, శాంపిల్ ల్యాబుకి పంపి పీసీఆర్ టెస్టు చేయిస్తారు. తెల్లమచ్చ వైరస్ లేదని రిపోర్టు చూశాకే సీడ్ దింపుతారు. టెస్టు అడిగారని ఏ హేచరీవాడూ అలగడు. ఆ తర్వాత రోజూ చెక్ ట్రే ఎత్తి మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా అని చూస్తారు. కొనేవాడు ఒక్క మూల వల వేసి కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో తేల్చేస్తానంటే ఒప్పుకోరు. ఇంత జాగ్రత్తగా పండించిన పంట డబ్బుని ముక్కూ మొహం తెలియనివాడికి ఒక్క వేలి నొక్కుతో పంపేస్తున్నాం.

దీనికి కారణం అత్యాశ అని చాలామంది అంటారు. నేనలా అనుకోను. నేను చూసినంతలో మన గోదావరి జిల్లాల్లో అసలు కారణం మొహమాటం. ఇంటికొచ్చినవాణ్ణి ముందు భోంచేశారా అని అడుగుతాం తప్ప, ఏ పని మీద వచ్చారని అడగం. ఆ మర్యాద చాలా గొప్పది, మనం వదులుకోకూడదు. కానీ మోసగాడు పెట్టుబడి పెట్టేది దాని మీదే.

మా పిన్ని కొడుకు సంగతి చెబుతాను. రెండేళ్ల కిందట, చెరువులో రొయ్యల పట్టుబడి అయిన కొన్నాళ్లకి ఇంటికొచ్చి నాకు ఫోన్ చూపించాడు. "అన్నయ్యా, ఈయన మనవైపు వాడే. అమెరికాలో చదివొచ్చి రొయ్యల ఎగుమతి యాప్ పెట్టాడు. నెలకి నూటికి మూడు రూపాయలు ఇస్తున్నాడు. నువ్వూ ఓ రెండు లక్షలు పెట్టు" అన్నాడు. ప్రొఫైల్ చూశాను. కోటు, టై, వెనక అద్దాల బిల్డింగు. పేరు కింద ఫౌండర్, సీఈవో, మోటివేషనల్ స్పీకర్, పదిహేనేళ్ల అనుభవం.

"ఆయనతో మాట్లాడావా?" అన్నాను.

"ఆయ్, వీడియో కాల్లో మాట్లాడాను. అమ్మకి ఒంట్లో ఎలా ఉందని కూడా అడిగాడు."

"ఆఫీసు ఎక్కడో అడిగావా?"

"అంత పెద్దాయన్ని ఎలా అడుగుతాం అన్నయ్యా, బాగోదు కదా."

అప్పటికే వాడు నాలుగు లక్షలు పెట్టాడు. రెండు నెలలు పన్నెండు వేల చొప్పున వడ్డీ వచ్చింది. ఆ నమ్మకంతో ఇంకో రెండు లక్షలు పంపాడు. వచ్చిన ఆ ఇరవైనాలుగు వేలు ఏ ఎగుమతి లాభమూ కాదు, వాడిచ్చిన నాలుగు లక్షల్లోంచి వాడికే తిరిగొచ్చిన చిల్లర. మొదటి వడ్డీ టైముకి రావడం ఇలాంటి మోసాల్లో చాలా మామూలు సంగతి. గేలానికి ఎర కట్టకుండా చేప పడదు కదా.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్లో ఆ కంపెనీ పేరు వెతికాం. అందులో మాస్టర్ డేటా అని ఉంటుంది, దానికి ఫీజు లేదు. కంపెనీ ఎప్పుడు పుట్టింది, మూలధనం ఎంత, డైరెక్టర్లు ఎవరు అన్నీ కనిపిస్తాయి. ప్రతి కంపెనీకీ 21 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని చదవడం కష్టమేమీ కాదు. మొదటి అక్షరం ఎల్ అయితే షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ, యు అయితే కానిది. తర్వాత 5 అంకెలు వ్యాపారం కోడ్, ఆ తర్వాత రెండక్షరాలు రాష్ట్రం, ఆ పక్కనే 4 అంకెలు రిజిస్టరైన సంవత్సరం. పశువుని కొనేముందు నోరు తెరిచి పళ్లు చూసి వయసు కడతామే, ఆ 4 అంకెలూ అలాంటివి. మావాడి కంపెనీకి ఐదు నెలల వయసు. మూలధనం లక్ష రూపాయలు. లక్ష రూపాయల మూలధనంతో కంపెనీ పెట్టడం తప్పేం కాదు, ఐదు నెలల వయసూ తప్పు కాదు. పదిహేనేళ్లని రాసుకోవడం తప్పు. ఆ ఫొటోని, ఫొటోతో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో పెడితే వెనకున్న అద్దాల బిల్డింగు నాలుగైదు దేశాల ప్రకటనల్లో కనబడింది.

పొద్దున్నే మావాడి చేత మెసేజ్ పెట్టించాను. ఆఫీసు అడ్రస్, ఎగుమతి లైసెన్స్ కాపీ, డిపాజిట్లు తీసుకోవడానికి ఉన్న అనుమతి, ఈ మూడూ పంపమని. "నెగటివ్ మైండ్‌సెట్ ఉన్నవాళ్లకి మా ఫ్యామిలీలో చోటు లేదు" అని జవాబొచ్చింది. పది నిమిషాల్లో మావాణ్ణి గ్రూపులోంచి తీసేశారు. ఆరు లక్షల్లో మళ్లీ రూపాయి రాలేదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కంపెనీ రిజిస్టరైందంటే అది పుట్టినట్టు సర్టిఫికెట్ మాత్రమే, కాండక్ట్ సర్టిఫికెట్ కాదు. జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే హక్కు రిజిస్ట్రేషన్‌తో రాదు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో చట్టమే వచ్చింది. ఎవరికి అనుమతి ఉందో రిజర్వ్ బ్యాంకు వారి 'సచేత్' పోర్టల్లో చూసుకోవచ్చు, అక్కడే ఫిర్యాదూ చేయొచ్చు. షేర్ల సలహాలిచ్చేవాడైతే, షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ దగ్గర రిజిస్టరయ్యాడో లేదో సెబీ వెబ్‌సైట్లో చూడాలి.

ప్రొఫైల్లో ఉన్న ప్రతి మాటకీ నేనొక ప్రశ్న వేసుకుంటాను: ఈ మాట ఆయన తన గురించి తాను రాసుకున్నదా, ఆయనతో అవసరం లేనివాళ్లు రాసిందా? అవార్డుల్లో డబ్బు కట్టి తెచ్చుకునేవి ఉన్నాయి. పత్రికల్లో వచ్చిందని చూపించే కొన్ని వ్యాసాల కింద, చిన్న అక్షరాల్లో ప్రకటన అని ఉంటుంది. ఫాలోయర్లని కొనుక్కోవచ్చు. మంత్రిగారితో ఫొటో పెళ్లి పందిట్లో ఎవరికైనా దొరుకుతుంది. లింక్డ్‌ఇన్‌లో 'ఈ ప్రొఫైల్ గురించి' అన్న చోట నొక్కితే ఆ అకౌంట్ ఎప్పుడు తెరిచారో తెలుస్తుంది. ఇరవై ఏళ్ల అనుభవజ్ఞుడి అకౌంట్ మొన్న సంక్రాంతికి పుట్టి ఉంటే కొంచెం ఆగాలి.

మన భీమవరం పేరు చెప్పకుండా ఈ విషయం మాట్లాడితే నిజాయితీ కాదు. సత్యం రామలింగరాజు గారిని మనమంతా మనవాడని గర్వంగా చెప్పుకున్నాం. 1987లో మొదలైన ఆయన సత్యం కంప్యూటర్స్ కంపెనీ వేలమందికి ఉద్యోగాలిచ్చింది, 108 అంబులెన్సు మొదలైంది ఆయన చొరవతోనే, మన పల్లెల్లో మంచినీళ్ల ప్లాంట్లు పెట్టించారు. ఇవేవీ అబద్ధం కాదు. 2008లో కంపెనీ పాలన బాగుందని అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాశారు: లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని. 2015లో ప్రత్యేక కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది, అప్పీలు మీద పై కోర్టు దాన్ని నిలిపి బెయిలిచ్చింది. ఆయన్ని నిందించాలని చెప్పడం లేదు. మనిషి చేసిన మంచిని చూసి లెక్కలు చూడకుండా వదిలేశాం, అదీ నా బాధ. బ్యాంకులో పనిచేసినవాణ్ణి కనుక ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. బ్యాంకులో ఎంత ఉందో బ్యాంకే చెప్పాలి, ఖాతాదారు కాదు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. ఎలిజబెత్ హోమ్స్ అనే అమ్మాయి 2003లో, పంతొమ్మిదేళ్ల వయసులో థెరానోస్ అనే కంపెనీ పెట్టి, రెండు చుక్కల రక్తంతో బోలెడు టెస్టులు చేస్తామంది. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్ లాంటివాళ్లు బోర్డులో కూర్చున్నారు. రక్తపరీక్షల ల్యాబు నడిపిన అనుభవం ఆ పెద్దమనుషుల్లో చాలామందికి లేదు. 2022లో ఆమెకి పదకొండేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. బోర్డులో పేర్లు ఎంత పెద్దవో చూసేకన్నా, వాళ్లకి ఆ పని తెలుసా అని అడగాలి.

వీడియోల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారి మొహం, గొంతు కృత్రిమంగా తయారుచేసి ట్రేడింగ్ యాప్‌లకి ప్రచారం చేయించారు. అవి తనవి కావని ఆయనే 2023లో చెప్పుకోవాల్సి వచ్చింది. కాబట్టి కళ్లతో చూశానన్నది ఇక సాక్ష్యం కాదు. గల్ఫ్ ఉద్యోగాల సంగతీ అంతే, కోనసీమ ఆడపడుచులు గల్ఫ్ ఏజెంట్ మాట వినేముందు ప్రభుత్వం వారి 'ఈమైగ్రేట్' పోర్టల్లో వాడి పేరుందో లేదో పిల్లల చేత చూపించుకోండి.

అందరూ దొంగలే అనుకోవడం కూడా ప్రమాదమే. ఈ హాల్లో ఉన్న పిల్లల్లోనే రేపు కంపెనీ పెట్టేవాళ్లున్నారు. చేపల చెరువుకి సెన్సర్లని, కొబ్బరి పీచుతో సరుకులని ఏవేవో ఆలోచిస్తున్నారు. వాళ్లకి లింక్డ్‌ఇన్‌లో వెయ్యిమంది ఉండరు, కోటూ ఉండదు. కానీ అడిగితే సమాధానం చెబుతారు. ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి, "పోయినేడు మూడు లక్షలు నష్టపోయామండి, కారణం ఇదీ" అని కాగితం ముందు పెట్టాడు. నేను డబ్బు పెట్టింది ఆ కుర్రాడి దగ్గరే. నిజంగా పని చేసేవాడికి ప్రశ్న అంటే చిరాకు ఉండదు. "ఇవాళే ఆఖరు, ఇంట్లో చెప్పకండి, ఇంకొకళ్లని చేర్పిస్తే కమీషన్" అన్న మాటల్లో ఏది వినబడినా ఫోన్ పక్కన పెట్టేయండి.

ఒకవేళ డబ్బు పోతే? వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలోనే ఆగే అవకాశం అంత ఎక్కువ. మావాడు పరువు పోతుందని ఇరవై రోజులు నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ ఇరవై రోజుల్లో అదే గ్రూపులో మా వీధిలోవాళ్లే ఇంకో ఇద్దరు చేరారు. వాడికి డబ్బు పోయిన బాధ కన్నా అదే ఇప్పటికీ ఎక్కువ. ఇవాళ వాడూ వచ్చాడు, అదిగో, ఆ స్తంభం పక్కన కూర్చున్నాడు. పేరు చెప్పకుండా చెప్పమని వాడే అడిగాడు, మధ్యాహ్నం మనసు మార్చుకుని మళ్లీ "ఫరవాలేదు అన్నయ్యా, చూపించు" అన్నాడు.

సభ అయ్యాక టీ ఇచ్చే బల్ల దగ్గర మేమిద్దరం ఉంటాం. మీ ఫోన్లో అలాంటి ప్రొఫైల్ ఏదైనా ఉంటే పట్టుకురండి, కలిసి చూద్దాం. నా కళ్లజోడు తెచ్చుకున్నాను.